ముత్యం కాదు, బుచ్చన్న

గోదావరిఖని
12 మార్చి 1974

యోనాకు,

మొన్న మీ చెల్లె పెండ్లికి వచ్చినప్పుడు టీ హోటల్ కాడ మావోళ్లు పాడిన పాట పట్టుకొని, రాసి పంపు రాసి పంపు అని నన్ను సతాయిస్తివి. పది దినాలు ఆలోచన చేసిన. ఇగో, పంపుతున్న. అక్షరాలు చూసి నవ్వకు. మిషన్ బడిల ఏడో తరగతి దాక నా పలకల చూసి రాసింది నువ్వే గద.

ఇది కూసొని రాసిన పాట కాదు. బొగ్గుబాయిల టబ్బులకు బొగ్గు నింపుకుంట నింపుకుంట నోటికొచ్చింది. పల్లవి నీకు యాదికుండొచ్చు:

పేరు పైన పెట్టి దిగిన, పెయ్యి కింద మోసిన
నన్ను పిలిచె అవ్వ నోట నా పేరు దాచిన

దీన్ని పాడితె మా షిఫ్టుల ఒక్కొక్కడు తలకాయ దించుకుంటడు. ఎందుకంటె మూడోవంతు మంది సొంత పేరు మీద లేరు. ఒకనిది తమ్ముని పేరు, ఒకనిది బామ్మర్ది పేరు, ఇంకొకనిది సచ్చిపోయినోని పేరు. ఎవ్వడు ఎవ్వన్ని అడుగడు. అడిగితె రేపు వాన్నే అడుగుతరు.

నా సంగతి నీకెరుకే. అరవై మూడుల మా పెదబాపు కొడుకు బుచ్చన్నకు నౌకరొచ్చె. వాడు ఒక్కనాడు బాయిల దిగి పైకొచ్చి, చెప్పులు గూడ ఇడిసిపెట్టి ఊరికి ఉరికె. తెల్లారి "బుచ్చన్న, తండ్రి ఎల్లన్న" అని పిలిస్తె నేను "హాజర్" అన్న. లిస్టుల చదువు రాదని రాసి ఉండె. సంతకం పెడితె అనుమానమొస్తదని ఎడమచేతి బొటనేలు ముద్ర ఏసిన. పదకొండేండ్లాయె. జీతం నాడు ఇప్పటికీ ఏలు ముద్రనే. నా కొడుకు బడి రిజిస్టర్ల తండ్రి పేరు బుచ్చన్న. ముత్యం అని పిలిచెటోళ్లు ఇద్దరే మిగిలిన్రు, ఊర్లె మా అవ్వ, పట్నంల నువ్వు. నా పెండ్లాం అనసూర్య ఎట్లాగు పేరు పెట్టి పిలువది, ఆమెకు ఆ బాధ లేదు.

అందుకే ఒక్క షరతు. మీ పత్రికల ఇది అచ్చయితె కింద ముత్యం అని ఉండాలె. ఒట్టి ముత్యం. ఊరు వద్దు, ఇంటిపేరు వద్దు. బుచ్చన్న అని మాత్రం పెట్టకు. ఆ పేరు కడుపు కోసం పెట్టుకున్న. పాట కడుపు కోసం కాదు. ముత్యం అని ఎయ్యనంటె చింపి పారెయ్, నాకు కోపం రాదు.

కవరు మీద మాత్రం ఎప్పటిలెక్క బుచ్చన్న అనే రాయి. లేకుంటె పోస్టాయన తిప్పి పంపుతడు.

ముత్యం


హైదరాబాద్
4 ఏప్రిల్ 1974

అరే ముత్యం,

నీ పాట మా ఎడిటరు సాబ్ బల్ల మీద పెట్టి తలుపు కాడ నిలబడ్డ. ఆయన అట్లిట్ల మెచ్చే మనిషి కాదు. ఒకసారి చదివిండు, అద్దాలు తీసి తుడుసుకున్నడు, మళ్ల చదివిండు. "ఎక్కడ దొరికిందయ్యా ఇది నీకు?" అన్నడు. నాలుగేండ్ల సంది ఈ ఆఫీసుల ప్రూఫులు దిద్దుతున్న గని, ఆయన నన్ను తలెత్తి చూసుడు గదే మొదలు.

మే నెల 'స్వరతోరణం'ల వస్తది. కింద ముత్యం అనే. నేనే చేతులతోని దిద్దిన, అక్షరం గూడ పొల్లుపోదు.

ఇంకో ముచ్చట. మా పత్రిక ఏటేటా అవార్డులిస్తదని నీకెరుకే. సినిమా పాటకొకటి, రేడియో పాటకొకటి, నాటకం పద్యానికొకటి, గ్రామఫోన్ రికార్డుకొకటి. ఈ యేడు కొత్తగ 'జనం పాట' అని పెడుతున్నరు. ఊర్లల్ల, పనుల కాడ జనం పాడుకునే పాటకు. పంతుళ్లు కూసొని తేల్చుడు కాదు. పత్రికల కూపన్ ఉంటది, చదివెటోళ్లు దాన్ని కత్తిరించి, నచ్చిన పాట కాడ టిక్కు పెట్టి పంపాలె. ఎవలికి ఎక్కువొస్తె వాళ్లకు పెద్ద హాలుల శాలువా, చిన్న వెండి తంబుర. నీ పాట లిస్టుల పెట్టిస్త చూడు.

ఇగ పేరు సంగతంటవా, మా బాపు మత్తయి మీద ఒట్టు. ఆయన ముప్పయ్యేండ్లు సొంత పేరు మీద బాయిల పనిచేసి పించిని తీసుకుంటున్నడు. పేరు విలువ నాకు తెల్వదా? ముత్యం పాటకు ముత్యం పేరే ఉంటది.

నీ యోనా


గోదావరిఖని
20 మే 1974

యోనా,

స్టేషన్ కాడి దుకాన్ల రెండు పుస్తకాలు కొన్న. ఒకటి పట్టుకొని ఊరికి పోయిన. మా అవ్వ ఐలవ్వకు అక్షరం రాదు గద, "ఏడుంది బిడ్డా నీ పేరు, చూపియ్" అన్నది. చూపిస్తె ఏలు పెట్టి ఒత్తి చూసింది. పసిపోరని నుదురు నిమిరినట్టు మూడుసార్లు నిమిరింది. "నేను పెట్టిన పేరు ఎన్నేండ్లకు కండ్లవడ్డదిరా" అన్నది. ఆ పుస్తకం దేవుని గూట్లె పెట్టుకున్నది.

రెండోది ఈడ కథ. మా షిఫ్టుల పని చేయించే సర్దార్ సదయ్యన్న జర చదివినోడు. పుస్తకం ఆయన చేతికెట్ల వచ్చిందో ఏమో, బాయి దిగక ముందే లాంప్ రూము కాడ గట్టిగ చదివిండు. పాట చదువుతుంటె అందరు సంబురపడ్డరు. కిందికొచ్చి "ముత్యం" అని చదివిండో లేదో, మొఖాలు మాడిపోయినయ్.

"ఎవడ్రా ఈ ముత్యంగాడు? మన బుచ్చన్న కట్టిన పాట కింద వాని పేరేసుకుంటడా?"

"పట్నపోడు అయ్యుంటడు. ఈడికొచ్చి విని పోయి అచ్చేయించుకున్నడు."

"దొరికితె తొక్కి బొగ్గుల పెట్టాలె కొడుకును."

నన్ను చూసి "నీకు బాధ లేదా బుచ్చన్నా?" అని ఒక్కటే తిట్టుడు. తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డ. ఆఖరికి "పోనీ అన్నా, ఎవడో బతుకనీ" అన్న. నా పేరును నా ముందటనే తిడుతుంటె నేనే వాన్ని మాఫ్ చేసిన చూడు.

నవ్వొచ్చింది గూడ. అయినా మంచిగనిపిచ్చింది యోనా. ముత్యం అనెటోడు ఒకడున్నడని పది మందికి తెలిసింది, తిట్లకైనా.

ముత్యం


హైదరాబాద్
2 అక్టోబర్ 1974

ముత్యం,

శుభవార్త. 'జనం పాట' ఆఖరి లిస్టులో ఐదు పాటలు మిగిలినయ్, అందులో నీది ఒకటి. తక్కిన నాలుగూ పేరున్న బృందాలవి. వాళ్లకు పాడేటోళ్లు, పెట్టేటోళ్లు ఉన్నరు. నీకు ఉన్నది మీ బాయి జనమే. అక్టోబర్, నవంబర్ సంచికల్లో కూపన్లు వస్తయ్. సదయ్యన్నతోని, మీ షిఫ్టు వాళ్లతోని చెప్పి ఎన్ని కొనిపిస్తవో కొనిపించు. మొహమాటపడకు.

నాకూ ఇది కలిసొచ్చింది. "ఈ పాటను వెలుగులోకి తెచ్చినది మా యోనా" అని ఎడిటరు గారు నలుగురి ముందు అన్నరు. ప్రూఫుల బల్ల నుంచి లేపి రెండు పేజీలు నా చేతికిచ్చిన్రు. జనం పాట గెలిస్తే కొత్త యేడు నుంచి ఆ శీర్షిక మొత్తం నాదేనట. నీ పాట నన్ను కూడా పైకి లాగుతున్నది, చూసినవా?

నీ
యోనా


గోదావరిఖని
18 నవంబర్ 1974

యోనా,

కూపన్లు పంపినం. ఎన్ని అంటె, స్టేషన్ కాడి దుకానాయన మంచిర్యాల నుంచి రెండుసార్లు కట్టలు తెప్పియ్యాల్సొచ్చింది. రామకృష్ణాపూర్ల ఉన్న చుట్టాలకు చెప్పి ఆడ గూడ కొనిపిచ్చిన్రు. చదువు రానోళ్లు సుత కొన్నరు. సదయ్యన్న కత్తెర పట్టుకొని కూసున్నడు, నలుగురు రాసుడు, ఇద్దరు జిగురు పూసుడు. పెండ్లి పని లెక్క చేసిన్రు.

అయితె ఏం చేసిన్రో తెలుసా? కూపన్ మీద మీరు ఐదు పాటలు, వాటి పక్కన కట్టినోళ్ల పేర్లు అచ్చేసిన్రు గద. పాట కాడ టిక్కు పెట్టి, ముత్యం అన్న పేరును అడ్డంగ కొట్టేసి, పైన బుచ్చన్న అని రాసిన్రు. ఒక్కటి కాదు, రెండు కాదు, కట్టలు కట్టలు. "పట్నపోళ్లు మన పాటను దొంగలిస్తె చూసుకుంట ఊకుంటమా" అని సదయ్యన్న అందరికీ చెప్పి మరీ రాయించిండు. కొందరు ముత్యం మీద సిరా ఒలకబోసిన్రు.

నేను ఆపబోయిన. "అన్నా, అచ్చయిన పేరు మార్చొద్దట, చెల్లదట" అన్న. "నీకు సిగ్గెక్కువ, పక్కకుండు" అని నన్ను అవతలికి నూకిండు. వాళ్లేం తప్పు చేసిన్రు? నా మీద పాణం పెట్టి చేసిన్రు. నిజం చెప్పాలంటె నౌకరి పోవాలె, క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. అదొక్కటేనా, పేర్ల సంగతి ఒకసారి లేస్తె నాతోనే ఆగదు, షిఫ్టుల మూడోవంతు మందిని ఈడ్సుకపోతది.

ఇప్పుడు చెప్పు, ఏం చేస్తరు వాటిని? నా మాట గదే. ముత్యం అన్న పేరుకు రాకుంటె రాకపాయె. రానియ్యకు. బుచ్చన్నకు మాత్రం ఇయ్యద్దు. ఓడిపోతె నాకేం నామోషీ లేదు.

మా అవ్వ ఒక్కతే ఆశ పెట్టుకున్నది. గెలిస్తె హాలుల నా పేరు మైకుల పిలుస్తరని ఎవరో చెప్పిన్రట. "పట్నం తీస్కపో, నా చెవులతోని ఇనాలె" అంటున్నది. నా బుద్ధి గడ్డి తిని, సరే అన్న.

ముత్యం


హైదరాబాద్
5 డిసెంబర్ 1974

ముత్యం,

ఉత్తరం అందింది. కూపన్ల లెక్కింపు జరిగింది. పాటకు అందరికన్నా ఎక్కువ వచ్చినయ్. బుచ్చన్న పేరుతో వెయ్యిన్ని నూట నలభై, ముత్యం పేరుతో ఎనభై ఆరు.

బుచ్చన్న ఎవరని ఎడిటరు గారు అడిగారు. నేను సర్దుబాటు చేసిన. నువ్వు ఫికర్ పెట్టుకోకు. ఇప్పుడే ఎవరికీ ఏమీ చెప్పకు. ఆఫీసుకు నేరుగా ఉత్తరం రాయవద్దు. అన్నీ నేను చూసుకుంటాను.

పని ఒత్తిడిలో ఉన్నాను.

యోనా


గోదావరిఖని
9 జనవరి 1975

యోనా,

"సర్దుబాటు చేసిన" అంటివి. ఏం సర్దినవో ఇయ్యాల తెలిసింది. జనవరి పుస్తకం వచ్చింది. ఆఖరి పేజీ కింద, తైలం ప్రకటనకు ఆనుకొని చీమ తలకాయంత అక్షరాలు. సదయ్యన్న గదే లాంప్ రూము కాడ నిలబడి చదివిండు:

"సవరణ: మే సంచికలోని పాట రచయిత పేరు పొరపాటున 'ముత్యం' అని పడింది. 'బుచ్చన్న' అని చదువుకోగలరు. చింతిస్తున్నాము."

అందరు చప్పట్లు కొట్టిన్రు. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నరు యోనా. "దొంగ ముత్యంగాని పీడ పోయింది" అన్నరు. వాళ్ల భుజాల మీద కూసొని నేను నవ్వాలె గద. నవ్విన.

మా అవ్వ నన్ను కన్నది పొరపాటేనా? ప్రూఫులు దిద్దెటోనివి నువ్వు. ఆ నాలుగు ముక్కలు నీ చేతుల మీదికెళ్లే పోయి ఉంటయ్. దిద్దినవా? అక్షరం పొల్లుపోకుంట దిద్దినవా?

నీ తెలుగు గూడ మారింది, చూసుకున్నవా? మొదట్ల "అరే ముత్యం" అంటివి. మొన్నటి జాబుల "చూసుకుంటాను, ఉన్నాను" అంటున్నవ్. దాచుడు పని మొదలయితె మనిషికి భాష గూడ గంజి పెట్టిన బట్టలెక్క అయితదా?

ఒక్కటే అడుగుతున్న. అవార్డు ఎవరికిస్తున్నరు? హాలుల ఎవల్ని పిలుస్తరు? నాలుగు దినాల సెలవు పెట్టుకున్న. అవ్వ చీర ఉతికి మడత పెట్టుకొని కూసున్నది. ఆమెకు ఏమని చెప్పాలె?

ముత్యం


హైదరాబాద్
16 జనవరి 1975

ప్రియమైన ముత్యానికి,

నీ ఆవేదన అర్థం చేసుకోగలను. సవరణ వేయడం సంపాదకవర్గం నిర్ణయం. వెయ్యికి పైగా పాఠకులు, అందులోనూ మీ గని ప్రాంతం వారే, ఒక పేరు కొట్టివేసి మరొక పేరు రాసినప్పుడు, మేము దొంగ పేరు అచ్చు వేశామేమోనన్న అనుమానం ఎడిటరు గారికి రావడం సహజం. అసలు విషయం ఆయనకు చెప్పి ఉంటే నీ ఉద్యోగానికే ముప్పు. నీ క్షేమం కోరి మౌనంగా ఉన్నాను.

అవార్డుల సభ ఫిబ్రవరి 2, ఆదివారం సాయంత్రం. ఆహ్వానపత్రాలు పరిమితంగా ఉన్నందున పంపలేకపోతున్నాను. నువ్వు, అమ్మగారు రాకపోవడమే అన్ని విధాలా మంచిది. నలుగురిలో ఎవరైనా నిన్ను గుర్తుపడితే ఇబ్బంది. పాట గెలిచింది, అది చాలదా? పేరులో ఏముంది?

అమ్మగారికి నమస్కారాలు.

ఇట్లు,
యోనా


గోదావరిఖని
6 ఫిబ్రవరి 1975

యోనా,

మా అవ్వ నీకు అమ్మగారు ఎప్పుడాయె? చిన్నప్పుడు ఆమె చేతి జొన్నగట్క తిన్ననాడు అవ్వ అనే అన్నవ్.

మొన్న మంగళారం ఊరికి పోయిన. మా ఇంటి ముందట జనం. మా బుచ్చన్న, అసలు బుచ్చన్న, నౌకరి ఇడిసి ఉరికినోడు, గద్దె మీద కూసున్నడు. మీద జరీ శాలువా. ఒళ్లె వెండి తంబుర. హాలు ఎట్లుండె, దీపాలెట్లుండె, మంత్రి ఎట్ల చెయ్యి కలిపె, అన్ని చెప్పుతున్నడు. "యోనా వచ్చి మోటరుల తీస్కపోయిండు" అన్నడు. నువ్వు మా ఊరికొచ్చినవ్. మా ఇంటి ముందటికెళ్లి పోయినవ్. అవ్వను పలకరియ్యకుంట పోయినవ్.

వాని ముందట నిలబడ్డ. వాడు తలదించుకుంటడేమో అనుకున్న. దించుకోలె. శాలువా తీసి నా చేతుల పెట్టబోయి అన్నడు, "నా పేరు పదకొండేండ్లు నువ్వు ఏసుకుంటివి. నీ పాట ఒక్క పూట నేను ఏసుకున్న. చెల్లుకు చెల్లు తమ్ముడా." 

కొట్టాలనిపిచ్చింది. ఏమని కొట్టాలె? వాడు అన్నదాంట్ల అబద్ధం ఏడుంది? వాని పేరు మీద నా పిల్లలు బువ్వ తింటున్నరు. వాని తప్పు నాకు దొరుకలె. నీ తప్పు దొరికింది.

వద్దని చెప్పిన గద. మార్చిల చెప్పిన, నవంబర్ల చెప్పిన. ముత్యం అని ఎయ్యకుంటె చింపి పారెయ్ అన్న. గెలిపియ్యమని నేను నిన్ను అడుగలె. ఓడిపోనియ్యమన్న. ఓడిపోయిన పాట ముత్యంది అయ్యి ఉండు. గెలిచిన పాట ఎవనిది? "పేరులో ఏముంది" అని రాసినవ్. పేరు మీద బతికే నీకు తెల్వదా ఏముందో? రెండు పేజీల మీద నీ పేరు అచ్చయితుంది గద, అది కొట్టేసి ఇంకొకని పేరు పెడితె తెలుస్తది.

అవ్వ ఉతికిన చీర కట్టుకోలె. మళ్ల పెట్టెల పెట్టింది. నన్ను పక్కకు పిలిచి "పోనీ బిడ్డా, కొట్లాడకు. వాని నోరు లేస్తె మన బువ్వ పోతది" అన్నది. ఆమెకు అంత మాట నేర్పినవ్ చూడు, గది నాకు మరుపుకు రాదు.

ముత్యం


హైదరాబాద్
11 ఫిబ్రవరి 1975

ముత్యం,

నువ్వు రాసిందాంట్ల కాదని చెప్పెటందుకు నా కాడ ఒక్క మాట లేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పుత.

గెలిచినోడు స్టేజి మీదికి రాకుంటె అవార్డు రెండో పాటకు పోతదని ఎడిటరు సాబ్ అన్నడు. "బుచ్చన్నను తెస్తవా, లేకుంటె శీర్షిక ఇంకొకనికి ఇయ్యాల్నా" అన్నడు. బుచ్చన్న అని పిలిస్తె నువ్వు రావని తెలుసు, అందుకే ఊరి బుచ్చన్ననే తీస్కపోయిన. నీ పాట గెలవాలె అనుకున్న. అది నిజం. నా శీర్షిక పోవద్దు అనుకున్న. అది గూడ నిజం. రెండిట్ల ఏది ముందో నన్ను అడుగకు. మీ ఇంటి ముందటికెళ్లి పోయేటప్పుడు అవ్వ వాకిట్ల కూసొని బియ్యం ఏరుతుండె. మోటరు అద్దం ఎక్కిచ్చుకున్న.

ఇప్పుడు ఇంకో ముప్పు. జర జాగర్తగ చదువు. ఫిబ్రవరి పుస్తకంల బుచ్చన్న ఫోటో అచ్చయింది, శాలువాతోని, పక్కన నేను. కింద "బొగ్గుగని కార్మికుడు బుచ్చన్న, తండ్రి ఎల్లన్న" అని రాసి ఉంది. ఆ ముక్క నేను రాయలె, మా రిపోర్టరు వాన్ని అడిగి రాసిండు. వాడు ఒక్కనాటి నౌకరిని నౌకరి అని చెప్పుకున్నడు. నేను చూసెటప్పటికి పుస్తకాలు రైలెక్కినయ్. ప్రెస్సుకు ఉరికిన, మిగిలినవైనా ఆపమన్న. ఆపలె.

ఆ ఫోటో మీ ఆఫీసోళ్లు చూస్తె, బుచ్చన్న తండ్రి ఎల్లన్న రెండు మొఖాలతోని ఎట్లుంటడని అడుగుతరు. ఏదన్న ఆలోచన చెయ్. నన్ను వచ్చి చెప్పమంటె వచ్చి చెప్పుత. ఏం చెప్పమంటె గది చెప్పుత.

నీ
యోనా


గోదావరిఖని
3 మార్చి 1975

'స్వరతోరణం' మాసపత్రిక సంపాదకులు గారికి,

అయ్యా,

బొగ్గుబావిలో పనిచేయు బుచ్చన్న, తండ్రి ఎల్లన్న అను నేను తెలియజేయునది ఏమనగా, మీ ఫిబ్రవరి పత్రికలో ఫోటో పడిన బుచ్చన్న అను వ్యక్తి వేరు, నేను వేరు. సదరు వ్యక్తి గనిలో ఉద్యోగి కాడు. ఆయన పేరు, తండ్రి పేరు నా పేర్లతో కలియుట కేవలం కాకతాళీయము.

మీ పత్రికలో పడిన పాటతో నాకు ఏ సంబంధమూ లేదు. నేను చదువు రానివాడను. నాకు పాటలు కట్టుట రాదు, పాడుట రాదు. ముత్యం అను పేరు గల మనిషి ఎవరో నేను ఎరుగను.

ఈ విషయమును మీ పత్రికలో ప్రకటించి, నా ఉద్యోగమునకు భంగము కలుగకుండ చేయవలసినదిగా ప్రార్థన.

చదివి వినిపించగా విని, నిజమని ఒప్పుకొని వేసిన
బుచ్చన్న ఎడమచేతి బొటనవేలి ముద్ర


గోదావరిఖని
10 మార్చి 1975

యోనా,

మొన్న పంపిన కాయితం అందే ఉంటది. అచ్చెయ్యి. నీ శీర్షికలనే ఎయ్యి. సవరణకు సవరణ. ఈసారి మాత్రం అక్షరం పొల్లుపోవద్దు.

నువ్వు వచ్చి చెప్పుడు అవసరం పడలె. మా బాయి ఆఫీసుకు పిలిచిన్రు. బల్ల మీద నీ పుస్తకం. ఆఫీసరు మంచోడే, కాయితం ముందట పెట్టుకున్న మనిషి ఎంత మంచిగుంటడో అంత. "నువ్వు బుచ్చన్నవా, వీడు బుచ్చన్ననా?" అన్నడు. నేనే అన్న. పాత రిజిస్టర్ తీసి బొటనేలు ముద్ర కలిపి చూసిన్రు. కలిసింది. కలవక ఏమయితది, అరవై మూడుల ఏసింది నా ఏలే గద.

"మరి ఈ పాట? మీ బాయిల పాడుతరట, నీదేనట" అన్నడు. పాట నాది అంటె, ఫోటోల ఉన్నోడు నాకేమయితడని అడుగుతరు. ఆ తీగ లాగితె డొంకంత కదులుతది. కాదన్న. సాక్షులను తెమ్మన్నరు.

సదయ్యన్న వచ్చిండు. కత్తెర పట్టి కూపన్లు కత్తిరించిన సదయ్యన్న. "వీనికి పాట గీట రాదు సార్, వీనికి గొంతే లేదు" అన్నడు. నా మొఖం చూడలె. ఆయన వెనుక నలభై మంది. నన్ను భుజాల మీద మోసినోళ్లే. ఒకని తర్వాత ఒకడు, "బుచ్చన్న పాడంగ మేం ఎన్నడు ఇనలె" అని ఏలు ముద్రలేసిన్రు. ఆ నలభైల సొంత ఏలు, సొంత పేరు ఉన్నోళ్లు ఎందరో వాళ్లకే తెలుసు. సదయ్యన్నకు అంతా సమజైంది. కూపన్ల మీద తను కొట్టేయించిన పేరు ఎవనిదో గూడ. బయటికొచ్చినంక నా చెయ్యి పట్టుకున్నడు. బీడీ ముట్టిచ్చి ఇచ్చిండు.

ఇగ ఆ పాట బాయిల ఎవ్వలు పాడుత లేరు. పాడితె నాకు ముప్పని అందరికీ తెలుసు. మొన్న పక్క టబ్బు కాడ ఒకడు అలవాటుల "పేరు పైన" అని ఎత్తుకున్నడు, నాలుగు దిక్కుల నుంచి దగ్గిన్రు. వాడు ఊకున్నడు. మీ అవార్డు వచ్చిన పాట గది.

ఆఫీసు మనిషి ఒకాయన ఊరికి గూడ పోయిండు, తహకీకాతుకు. నాకు ముందుగాల చెప్పలె. మా అవ్వను అడిగిండట, "ముత్యం అని నీకు కొడుకున్నడా?" అని. అవ్వ "ఉండె" అన్నదట. "పన్నెండేండ్లప్పుడు గోదాట్ల తానానికి పోయి కొట్టుకపోయిండు. బుచ్చన్న మా బావ కొడుకు, నన్ను సాదుకుంటున్నడు" అన్నదట. దేవుని గూట్లె ఉన్న పుస్తకం అప్పటికే పొయ్యిల పెట్టింది.

ఇది తెలిసి ఆదివారం పోయిన. వాకిట్లనే కూసున్నది. కాళ్లు మొక్కిన. లోపలికి పోయినం, తలుపు దగ్గరికేసిన. మేమిద్దరమే. "అవ్వా, ఇప్పుడు ఎవ్వలు లేరు, పిలువు" అన్న. ఆమె తలుపు దిక్కు చూసింది, కిటికీ దిక్కు చూసింది. పళ్లెంల అన్నం పెట్టింది. నా తల మీద చెయ్యి పెట్టి, "బువ్వ తిను బుచ్చన్నా" అన్నది.

తిన్న.

ఇదే నా ఆఖరి జాబు. కింద పేరు రాయలె. నువ్వే రాసుకో, నీకు అలవాటే గద.